మొగలి రేకు పెట్టిన ఉత్తరం

శ్రావణం వచ్చిందంటే మా బ్రాంచి పోస్టాఫీసు తపాలా సంచికి మొగలి వాసన పట్టేది. పురికొస బిగించి, లక్క సీలు వేసి రన్నరు చేతికిచ్చాక కూడా ఆ వాసన ఆగేది కాదు. ఇచ్ఛాపురం సబ్ పోస్టాఫీసులో సంచి అందుకునే క్లర్కు చీటీ చూడకుండానే మా ఊరి పేరు చెప్పేసేవాడు.

దానికి కారణం మా ఊరి ఆడవాళ్లు. ఇచ్ఛాపురానికీ సముద్రానికీ మధ్య ఇసుక నేలల్లో ఉన్న ఊరు మాది. ఆ రోజుల్లో ఇంటికొకరైనా దూరాన ఉండేవారు. ఖరగ్‌పూర్ రైల్వేలో కొందరు, కలకత్తా చుట్టుపక్కల జనపనార మిల్లుల్లో కొందరు. అంతకు ముందు తరంవాళ్లు గోపాలపురం రేవులోనో బారువ రేవులోనో ఓడెక్కి రంగూన్ పోయినవాళ్లు. కొడుక్కో పెనిమిటికో ఉత్తరం రాయించుకోవడానికి నా బల్ల దగ్గరికి వచ్చేవారు. చెప్పాల్సినవన్నీ చెప్పాక, నేను మడతపెట్టబోయే ముందు, "ఉండు బాబూ" అని కొప్పులోంచి ఒక మొగలి రేకు తీసి, గోటితో అంగుళం ముక్క చీల్చి మడత మధ్యలో పెట్టేవారు.

ఇన్‌లాండ్ లెటరు మీద అచ్చువేసి మరీ ఉంటుంది, లోపల ఏమీ పెట్టకూడదని. పెడితే దాన్ని కవరు కింద లెక్కగట్టి, తక్కువపడిన సొమ్ముకి రెట్టింపు అందుకునేవాడి దగ్గర వసూలు చెయ్యాలి. ఆ రూలు మా ఊరి తల్లులకి చెప్పి ఒప్పించడం ఎవరి తరం? "ఆకుముక్క కూడా వస్తువేనేటి బాబూ?" అనేవారు. అంగుళం రేకు బరువెంతో నేనూ తూచిన పాపాన పోలేదు. ఆర్.ఎం.ఎస్. రైలు బోగీలో ఉత్తరాలు సార్టు చేసేవాళ్లకీ, ఖరగ్‌పూర్‌లో బట్వాడా చేసే పోస్టుమానుకీ ముక్కులు లేక కాదు. వాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. అటునించి వచ్చే జవాబుల్లో మాత్రం రేకు అందిందన్న కబురు ముందు వచ్చేది, మనియార్డరు సంగతి తరవాత.

నేనప్పుడు ఇ.డి. బ్రాంచి పోస్టుమాస్టర్ని. ఇ.డి. అంటే ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్. రోజుకి కొద్ది గంటల పని, దానికి తగ్గ అలవెన్సు, బతకడానికి వేరే ఆధారం చూపించుకోవాలన్న షరతు. ఆ వేరే ఆధారం కింద నేను ఒరిస్సా సరిహద్దుకి అవతల మొగలి అత్తరు తీసే ఒక బట్టీలో సీజను నాళ్లు లెక్కలు రాసేవాణ్ణి. అందుకే ఆ పువ్వు పొద నుంచి పోస్టు సంచి దాకా వచ్చే దారి మొత్తం నాకు తెలుసు.

ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు నుంచి ఇటు మన బాహుదా దాకా తీరమంతా ఒకే ఇసుక, ఒకే ఉప్పుగాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు గంజాం జిల్లాలో పెద్ద ముక్క అటు పోయింది. ఇచ్ఛాపురం ఇటు మిగిలింది. మనుషులు రెండు ముక్కలయ్యారు గానీ మొగలి పొదలు అటూ ఇటూ అలాగే అల్లుకుని ఉన్నాయి. అటువాళ్లు కియా ఫులొ అంటారు, బట్టీవాళ్లు కేవ్డా అంటారు. మాకు మొగలి.

తీరంవాళ్లకి మొగలి పూలమొక్క కాదు, ముందుగా అది కంచె. కొమ్మ నరికి గట్టున పాతితే నాటుకుంటుంది. మొదట్లోంచి ఊడలు దిగి నేలని పట్టుకుంటాయి. ఆకు రెండు అంచులా ముళ్లు, చాలదన్నట్టు నడిమి ఈనె కిందా ముళ్లు. గొడ్డు దూరదు, దొంగ దూరడు. సముద్రపు గాలికి ఇసుక కదిలి వచ్చి పొలం మీద పడకుండా ఆపేదీ అదే. మా తాతల నాటి పొలాలకి సముద్రం వైపు మొగలి కంచె లేనిది ఒక్కటీ ఉండేది కాదు.

సంక్రాంతి ముందు ఇళ్లకి సున్నం వెయ్యడానికి కుంచె కూడా మొగలి ఊడే. బొటనవేలంత లావున్న ఊడని జానెడు పొడవు కోసి, రాత్రంతా నీళ్లలో నానేసి, పొద్దున్నే ఒక కొసని రాతి మీద పెట్టి మరో రాయితో దంచితే మెత్తటి నార విచ్చుకునేది. అలాంటి కుంచె ఒక్కటుంటే రెండు గోడలు పూర్తయ్యేవి. కొనాల్సిన పని లేదు, దాచాల్సిన పనీ లేదు.

మొగలిలో ఆడ, మగ చెట్లు వేరు. ఆడచెట్టుకి అనాసపండు ఆకారంలో కాయ కాస్తుంది. దానితో పెద్దగా పనిలేదు. వాసన పువ్వు మగచెట్టుదే. చెట్టు నెత్తిన పచ్చటి ఆకుల నడుమ నుంచి మీగడ రంగులో రేకులు పొడుచుకొస్తాయి. మనం రేకులనేవి నిజానికి పూగుత్తిని కప్పి ఉంచే లేత ఆకులు. వాటి మధ్య దాగి ఉండే పుప్పొడి కంకులతో కలిసి ఆ వాసన. ఏడాదిలో మూడు విడతలుగా పూసినా అసలు పంట వానాకాలానిదే. ఆషాఢం చివర మొదలై భాద్రపదం దాకా. ఆ రెండు నెలలూ మా వీధుల్లో వేరే వాసన ఏదీ తెలిసేది కాదు.

ఆడపిల్లల జడలు ఆ నెలల్లోనే చూడాలి. పాయ పాయకీ రేకు మడిచి గుచ్చి, నెత్తి నుంచి నడుం దాకా తెల్లగా అల్లేవారు. అల్లడం తెలిసిన పెద్దమ్మలు వీధికి ఒకరో ఇద్దరో ఉండేవారు. పిల్లని పీట మీద కూచోబెట్టి, ముళ్ల అంచుల్ని కత్తెరతో తీసేసి, రేకుని మెరుగుపక్క పైకి వచ్చేలా మడిచి, సూదీ దారంతో కుట్టుకుంటూ పోవడానికి పూటంతా పట్టేది. మధ్యలో పిల్ల మెడ తిప్పితే ఒక మొట్టికాయ. జడ పూర్తవగానే ఇచ్ఛాపురం ఫొటో స్టూడియోకి ప్రయాణం. స్టూడియోలో పిల్ల ముఖమూ వెనక జడా ఒకే ఫొటోలో పడేలా నిలువుటద్దం ముందు నిలబెట్టేవారు. మా ఊళ్లో అలాంటి ఫొటో గోడకి లేని ఇల్లు ఉండేది కాదు.

జడ విప్పాక ఎండిన రేకులు ట్రంకు పెట్టెలోకి, పట్టుచీరల మడతల్లోకి పోయేవి. మరుసటేడు పెళ్లికి పెట్టె తీసినప్పుడు చీర ముందు అదే పలకరించేది. తాంబూలం వేసుకునే తాతలు కాచు ఉండల్ని పచ్చి రేకులో చుట్టి దారం కట్టి దాచుకునేవారు. పదిరోజులకి కాచుకి మొగలి వాసన పట్టేది. ఇన్ని చోట్లకి వెళ్లిన పువ్వు శివాలయానికి మాత్రం వెళ్లేది కాదు. బ్రహ్మ చెప్పిన అబద్ధానికి సాక్ష్యం చెప్పి శివుడి కోపానికి గురైందన్న కథ మా ఊళ్లో పిల్లలకీ తెలుసు. గుడి మెట్ల దగ్గరే కొప్పులోంచి రేకు తీసి చీర కొంగున ముడేసుకుని లోపలికి వెళ్లే ముసలమ్మలని చూశాను.

కోత పని తెల్లారకముందే. వాసన ఎండ పొడ తగిలిందంటే పలచబడిపోతుంది. మూడింటికే లేచి, వెదురు గెడ కొసకి కొడవలి కట్టిన దోటీ, ఒక లాంతరు, రెండు గోనెసంచులు పట్టుకుని ఆడవాళ్లు గుంపుగా కదిలేవారు. ఒక గోనె పూలకి, రెండోది చించి చేతులకి, కాళ్లకి చుట్టుకోవడానికి. పొద దగ్గరికి వెళ్లగానే దోటీతో కింద నాలుగు దెబ్బలు కొట్టేవారు. మొగలి వాసనకి పాములొస్తాయని పెద్దలనే మాట. వాసనకే వస్తాయో, ఎండుటాకు గుబురులో ఎలకల కోసం వస్తాయో గానీ, పాము మాత్రం నిజం. దెబ్బ కొట్టాక కాసేపు ఆగి, కదలిక లేదని తెలిశాకే దోటీ పైకి ఎత్తడం. పువ్వు తెగి పడేటప్పుడు రేకు చిట్లకూడదు. చిట్లిన పువ్వుని బట్టీవాడు రెంటికి ఒకటిగా లెక్కవేస్తాడు.

లెక్క పూలకే, తూకానికి కాదు. తెల్లారేసరికి పూలు గట్టు మీద కుప్పలు. సైకిలు మీద, తలమీద, ఎడ్లబండి మీద బట్టీకి చేర్చేవారు. ఏడు గంటలకి నా పద్దు పుస్తకం తెరిచి ఉండాలి. ఒక్కొక్కరి పేరు, ఎన్ని పూలు, ఎంత సొమ్ము. ఎనిమిదిన్నరకి ఆ ఆడవాళ్లే మోకాలి లోతు నీళ్లలో వరినాట్లకి వంగేవారు. నాట్ల కూలి ఇంటి ఖర్చుకి పోయేది. మొగలి సొమ్ము మాత్రం చాలామంది ఆడవాళ్లు వేరే దాచుకునేవారు. పోస్టాఫీసు సేవింగ్స్ పాసుబుక్కులు మా ఊళ్లో మొదట తెరిచింది ఆ సొమ్ముతోనే. పొద్దున బట్టీ పద్దులో ఎవరికి ఎంత రాశానో, సాయంత్రం పాసుబుక్కులో ఎంత రాశానో పోల్చి చూస్తే ఏ ఇంట్లో మొగుడికి ఎంత తెలుసో నాకు తెలిసిపోయేది. ఆ గుట్టు నేను ఎవరికీ విప్పలేదు.

బట్టీ యజమానులు కనౌజ్ వైపు నుంచి వచ్చిన అత్తరు వ్యాపారుల తాలూకు మనుషులు. పనివాళ్లు ఒడియావాళ్లు, తెలుగువాళ్లు. తాటాకు పాక కింద మట్టిపొయ్యిల వరస, పొయ్యి మీద పెద్ద రాగి డేగు. తొడిమలు కోసిన పూలు డేగులో నింపి, నీళ్లు పోసి, మూతపెట్టి, మూత చుట్టూ బంకమట్టీ దూదీ కలిపి మెత్తేవారు. మూతలోంచి వెదురు గొట్టం ఒకటి ఏటవాలుగా దిగి, నీళ్ల తొట్టిలో కూచున్న రాగి కూజాలోకి పోతుంది. ఆ కూజాని భప్కా అంటారు. గొట్టం చుట్టూ తాడు బిగించి చుట్టి ఉంటుంది, ఆవిరి చల్లారకుండా. కింద కట్టెల మంట. ఆవిరి పువ్వు వాసనని మోసుకుని గొట్టంలోంచి వెళ్లి భప్కాలో నీరవుతుంది.

ఇందులో థర్మామీటరు లేదు, గడియారం లేదు. ఉన్నది బట్టీ మేస్త్రీ చెయ్యి. మా మేస్త్రీ తొట్టిలోకి మోచెయ్యి దాకా దించి భప్కా మెడని, నడుముని, అడుగుని తడిమేవాడు. ఎంతవరకు వెచ్చగా ఉందో దాన్నిబట్టి లోపల ఎంత నిండిందో చెప్పేవాడు. "అయిపోయింది" అనగానే కుర్రాడు తడిగుడ్డతో డేగు ఒళ్లు తుడిచేవాడు. వేడి తగ్గి ఆవిరి నెమ్మదించిన ఆ కాస్త వ్యవధిలో నిండిన భప్కా తీసి మరొకటి తగిలించాలి. ఆలస్యమైతే వాసన గాల్లోకి పోతుంది, తొందరపడితే చెయ్యి కాలుతుంది. నాలుగైదు గంటలు అలా కాచాక, రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున్నే భప్కా అడుగు చిల్లు తెరిచి నీళ్లు వదిలేస్తే పైన తేలిన నూనె మిగులుతుంది.

ఆ నీళ్లూ పారబోసేవి కావు. అవే కేవ్డా జలం, మిఠాయిల్లోకి, బిర్యానీల్లోకి పోయేవి. అత్తరు కావాలంటే భప్కాలో ముందే చందన తైలం పోసి ఉంచుతారు. అదే తైలానికి రోజు తరవాత రోజు కొత్త పూల ఆవిరి పట్టిస్తారు. చందనం లేకుండా పువ్వు నుంచి నేరుగా తీసిన నూనె రూహ్. అది చాలా కొద్దిగా వస్తుంది, ఖరీదూ అలాగే ఉంటుంది. మాకు చూపించడానికి కూడా యజమాని సీసా మూత రెండు క్షణాలకి మించి తీసేవాడు కాదు. దేశం మొత్తం మీద తయారయ్యే మొగలి తైలంలో చాలా పెద్ద వాటా గంజాం తీరానిదే. దాన్నిబట్టి లక్నో తాంబూలానికీ, కనౌజ్ అంగడికీ మా ఊరి ఆడవాళ్ల తెల్లవారుజాముతో ఎంత సంబంధం ఉందో చూడండి.

ఈ బట్టీల పని ఒక్కరోజులో పోలేదు. ముందుగా చందన తైలం ధర మొయ్యలేనంతగా పెరిగింది. దాని బదులు పారఫిన్ నూనె వచ్చింది. పేరు అత్తరే గానీ, చందనం మీద నిలిచినట్టు వాసన దాని మీద నిలవదు. తరవాత ఫ్యాక్టరీ సరుకు. మొగలి తైలంలో మూడింట రెండు వంతులకి పైగా ఉండేది ఒకే పదార్థం, ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్. ఆ ఒక్కటీ ఫ్యాక్టరీలో చౌకగా తయారవుతుంది. మిగిలిన మూడో వంతులోనే మా తీరపు ఇసుకా ఉప్పుగాలీ ఉన్నాయని మేస్త్రీ చెప్పినా, మిఠాయి కొట్టువాడికి ఆ తేడాతో పనిలేదు. మిగిలిన పెద్ద కొనుగోలుదారు జర్దా, గుట్కా, పాన్ మసాలా. 2012 నుంచి ఒక్కో రాష్ట్రం గుట్కాని నిషేధిస్తూ వచ్చింది. అది జనం ఆరోగ్యానికి మంచిదే, కాదనను. కానీ అన్నాళ్లు మా పువ్వు ఎవరి నోటికి అలంకారంగా ఉందో అప్పుడే అందరికీ తెలిసింది.

దానికి తోడు తుపానులు. 1999 అక్టోబరులో ఒరిస్సా పెను తుపానుకి పది పన్నెండు రోజుల ముందు ఒకటి గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ కూడా అక్కడే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మా జిల్లాలోనే పడి ఉద్దానం కొబ్బరితోటల్ని పడుకోబెట్టింది. మొగలి మొండిది, విరిగినచోట మళ్లీ చిగురిస్తుంది. కానీ మళ్లీ పూతకి వచ్చేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేకపోయింది. గట్టు పొదలు కొట్టి జీడిమామిడి వేశారు, సరుగుడు వేశారు, లోతట్టున రొయ్యల చెరువులు తవ్వారు. కంచెకి ముళ్లతీగ వచ్చింది, సున్నానికి బదులు పెయింటు వచ్చింది. బట్టీ ఒకటొకటిగా చల్లారింది. కొన్ని ఇంకా నడుస్తున్నాయి. ఆడపిల్లలు చదువులకి వెళ్లారు, తెల్లవారుజామున దోటీ పట్టి పాముల పొదల్లోకి వెళ్లమని వాళ్లకి చెప్పే హక్కు ఎవరికీ లేదు. నాకూ లేదు. ఉత్తరాలూ అదే రోజుల్లో తగ్గిపోయాయి. ఎస్.టి.డి. బూత్ వచ్చాక సగం, సెల్‌ఫోన్ వచ్చాక మిగతా సగం.

పోయినదంతా మంచిదని అనడానికి నేనీ కబుర్లు చెప్పడం లేదు. పద్దు రాసిన వాణ్ణి కాబట్టి తెలుసు, పువ్వు కోసిన చేతికి దక్కిన దానికీ, సీసా అమ్మిన చేతికి దక్కిన దానికీ పొంతనే లేదు. ముల్లు గుచ్చుకుని చీముపట్టిన వేళ్లతో నా పుస్తకంలో ముద్ర వేసినవాళ్లున్నారు. అయినా ఆ పని చుట్టూ ఊరికి ఒక లయ ఉండేది. పాసుబుక్కు, జడ, ట్రంకు పెట్టె, కాచు ఉండ, కొడుక్కి ఉత్తరం, అన్నీ ఆ ఒక్క పొద మీద ఆధారపడేవి. ఇప్పుడు పొద ఉన్నచోట కూడా అవి లేవు.

పోస్టాఫీసు మనిషిని కాబట్టి స్టాంపుల మీద కన్ను ఉండేది. 1977లో తపాలా శాఖ పూల స్టాంపులు నాలుగు వేసింది. తామర, రోడోడెండ్రాన్, కడిమి, అడవినాభి. ఆ బొమ్మలు చూసి నా కౌంటరు దగ్గర ఒక అప్ప అడిగింది, "మన మొగలి ఏదీ?" అని. 2006లో చందనపు వాసన వచ్చే స్టాంపు వేశారు. మన దేశంలో సువాసన స్టాంపుకి అదే మొదలు. 2007లో గులాబీలు, 2008లో మల్లె. వేలితో రుద్దితే వాసన వస్తుంది. మల్లె స్టాంపు నేను విశాఖపట్నంలో కొని తెచ్చి, దోటీ పట్టిన చేతులవాళ్లకి చూపించాను. అందరూ రుద్దారు, వాసన చూశారు. ఆ అప్పే, అప్పటికి పండు ముసలి, స్టాంపు తిరగేసి మరగేసి చూసి అంది, "మల్లిపువ్వుకి ఎవులైనా బొమ్మేత్తారు బాబూ. దానికి ముల్లుందా, పాముందా?"

గంజాం మొగలి పువ్వుకీ, దాని రూహ్‌కీ భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరుతో వేరే చోటి సరుకు అమ్మకుండా చట్టం కాపాడుతుంది. మంచి మాట. స్టాంపు గౌరవం దక్కినా మంచిదే. ఒక ప్రాంతం పువ్వు దేశంలోని ఏ మూలకైనా ఉత్తరం మీద ఎక్కి వెళ్తే సంతోషించనివాడు ఎవడు? కానీ పేరు నమోదైనంత మాత్రాన, బొమ్మ అచ్చయినంత మాత్రాన పొదని ఎవరూ కొట్టకుండా ఆగరు. దాని మీద బతికే మనిషి ఉన్నంతకాలమే దాన్ని కొట్టకుండా ఆగుతారు. అసలు తైలానికీ ఫ్యాక్టరీ సరుక్కీ తేడాని సీసా మీద పెద్దక్షరాలతో రాయించడం, పువ్వుకి సీజను మొదట్లోనే ధర ప్రకటించడం, బట్టీని ఆడవాళ్ల సంఘాల చేతికి ఇచ్చి చూడడం, తీరం కోతకి మొగలి కంచెని అడ్డుగా మళ్లీ నాటించడం, ఇవి జరిగితే పొద తనంతట తనే నిలుస్తుంది.

స్టాంపు వెయ్యదలిస్తే మాత్రం, పువ్వొక్కదాన్నే వేస్తే ఒప్పుకోను. కొడవలి కట్టిన దోటీ ఉండాలి, చేతులకి గోనె చుట్టుకున్న మనిషి ఉండాలి. మూలన ఎక్కడో చిన్న పాముంటే మరీ మంచిది. అలాంటిది వస్తే మొదటి షీటు నేనే కొంటాను.